సగం రాసిన నోటుబుక్కులు

నా బీరువాలో పదకొండు నోటుబుక్కులున్నాయి. అందులో ఒక్కటీ నాది కాదు. నా దగ్గర చదివిపోయిన పిల్లలు, వాళ్ళ హాస్టలు స్నేహితులు, ఎవరో చెబితే నా పేరు విని వచ్చినవాళ్ళు ఇచ్చిపోయినవి. "టీచర్, ఇది మీ దగ్గరుండనీయండి, మళ్ళీ వచ్చి తీసుకుంటా" అంటారు. మళ్ళీ రారు. అన్నీ మనవాళ్ళవే. మాల పిల్లలవి, మాదిగ పిల్లలవి, ఒకటి యానాది పిల్లవాడిది. ఒకటి నలభయ్యో పేజీలో ఆగింది, ఒకటి డెబ్భై దగ్గర, ఒకటి నూటపది దాటి ఆగింది. ఎం.ఏ.లో ప్రాజెక్టుగా మొదలుపెట్టినవి కొన్ని. ఏ పరీక్షా లేకుండా కడుపులో మంట కొద్దీ మొదలుపెట్టినవి కొన్ని. ముగిసింది ఒక్కటీ లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ నాలుగు మాటలు ఆ నోటుబుక్కుల కోసం రాస్తున్నాను. రాయడం ఎట్లా మొదలుపెట్టాలో చెప్పడానికి చాలామంది ఉన్నారు. మనకు మొదలుపెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, లోపల అంత ఉంది. ముగించడం గురించే మనలో మనం మాట్లాడుకోవాలి. మనం సగంలో ఆపినదాన్ని ఇంకొకరు పూర్తి చేస్తారు గదా. ఎవరో వచ్చి, రెండు రోజులు పల్లెలో తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, మన అమ్మ కథ వాళ్ళ పేరుతో వేసుకుంటారు. అందులో మన అమ్మకు వంగిన నడుముంటుంది, నోరుండదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. డీఎస్సీ-2014 రాసి 2016లో ఉద్యోగంలో చేరాను. అమ్మ వైపూ నాయన వైపూ కలిపి వెతికినా డిగ్రీ పాసయిన మొదటిదాన్ని నేనే. మాది పల్నాడు, వినుకొండ దగ్గర పల్లె. జాషువా పుట్టిన నేల. ఆయనా పంతులే. నాయన చాలా ఏళ్ళు ఒక కామందు దగ్గర పాలేరుగా ఉన్నాడు. అమ్మ మిరపకాయల కూలి. కాయ కొయ్యడం, కల్లంలో ఆరబొయ్యడం, తాలు ఏరడం, కోతలు అయిపోయాక కోల్డ్ స్టోరేజీల దగ్గర కూచుని తొడిమలు తియ్యడం. చేతులకు ఎంత నూనె రాసుకున్నా మంట పోదు, ఆ చేత్తోనే బువ్వ కలిపేది. ఎం.ఏ. ఆఖర్లో సిద్ధాంత వ్యాసం బదులు సృజనాత్మక రచన చెయ్యొచ్చన్నారు. అమ్మ పని మీద నూట ఇరవై పేజీలు రాశాను. నేను పేరున్న రచయిత్రిని కాను. ఆ నూట ఇరవై పేజీలు ముగించి, కుట్టించి, చేతికిచ్చాను. మీకు చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే.

మన పిల్లలు ముగించకపోతే "వీళ్ళకు పట్టుదల ఉండదండీ" అంటారు స్టాఫ్‌రూముల్లో. టీ తాగుతూ అంటారు. నేను ఆ పదకొండూ వరసబెట్టి చదివాను. పట్టుదల లేనివాళ్ళు నూటపది పేజీలు ఎందుకు రాస్తారు? ఇంకొకటి కనిపించింది నాకు. పదకొండులో ఎనిమిది ఒకే తావులో ఆగినాయి. అప్పటిదాకా బడి ఉంటుంది. వెనక వరసలో కూచోబెట్టిన పంతులు ఉంటాడు. టీ కొట్టులో వేరే గ్లాసు ఉంటుంది. చెరువు, రామాలయం, కామందు అరుగు, అన్నీ ఉంటాయి. అదంతా గబగబా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పు చేసినవాడు బయటివాడు. ఆ తర్వాత కథ ఊళ్ళో నుంచి పల్లెలోకి, పల్లెలో నుంచి మన ఇంట్లోకి వస్తుంది. తాగొచ్చి అమ్మను కొట్టిన నాయన. అప్పు తీర్చడానికి పద్నాలుగేళ్ళకే పెళ్ళి చేసిన అక్క. మాదిగోళ్ళ కడవ తగలనియ్యని మాలపల్లె బావి. సరిగ్గా అక్కడ కలం ఆగుతుంది. తర్వాతంతా తెల్ల కాగితాలే.

"ఇది రాస్తే మనోళ్ళ పరువు ఏం గావాల టీచర్? ఊరోళ్ళు చదివి నవ్వరా?" అని ఒక పిల్ల అడిగింది. దీన్ని పిరికితనం అనడానికి నాకు నోరు రాదు. తమిళంలో బామ తన పల్లె మాటల్లోనే 'కరుక్కు' రాసింది, 1992లో వచ్చింది. మా గుట్టంతా బయటపెట్టావని సొంత ఊరివాళ్ళే కోప్పడ్డారు, కొన్ని నెలలు ఆమె ఊళ్ళోకి పోలేకపోయింది. కాబట్టి మీ భయం ఉత్త భయం కాదు. "ధైర్యంగా రాసెయ్" అని వీపు తట్టేవాళ్ళు ఆ తర్వాత మీ పల్లెకు వచ్చి మీ పక్కన నిలబడరు.

నాకు తెలిసిన దారి ఒకటే. రాసినదాన్ని గైడుకు చూపించేలోపు అందులో ఉన్న మనుషులకు చదివి వినిపించండి. మా అమ్మకు అక్షరాలు రావు. రాత్రి బువ్వ తిన్నాక రోజూ ఐదారు పేజీలు చదివేదాన్ని. కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకుని వినేది. మొదట్లో "సదువు సదువు" అని ఊరికే ఊకొట్టింది. మూడో రోజు నుంచి ఆపడం మొదలుపెట్టింది. "ఆ పొద్దు ట్రాక్టరు గాదు, లారీలో పోయినాం." "ఆ మేస్త్రీ సచ్చిపోయాడమ్మే, పేరు మార్చకపోయినా ఏం గాదులే." ఒక తావులో మా గైడు "ఇక్కడ తల్లి ఏడ్చినట్టు రాస్తే బాగా పండుతుంది" అని పక్కన రాసిచ్చాడు. కూలి డబ్బుల్లో కోత పెట్టిన సంగతి అది. ఆయన అన్నట్టు చదివితే ఎట్లా ఉంది, నేను రాసింది ఎట్లా ఉంది, రెండూ చదివి అమ్మనే అడిగాను. "నేను ఏడవలా. మేస్త్రీ ముందర ఏడుస్తానా? బుట్ట కిందబడేసి ఇంటికొచ్చినా" అంది. బుట్ట సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ఒక్క వాక్యంతో ఆ అధ్యాయం ముగిసింది. దానికంటే మంచి ముగింపు నాకు ఏ పుస్తకమూ ఇచ్చేది కాదు.

ఒక సంగతి మాత్రం అమ్మ "అది వద్దు" అంది. ఎందుకని నేను అడగలేదు. ఆ పేజీ నా రచనలో లేదు, ఇక్కడా చెప్పను. బతికున్న మనిషికి తన బతుకు మీద ఆ మాత్రం హక్కుంటుంది. ఈ ఒక్కదానికి ఒప్పుకుంటే మిగతా నూట పంతొమ్మిది పేజీలకూ వాళ్ళే మీకు సాక్షులవుతారు.

పేర్లు మార్చుకోండి, అది మీ ఇష్టం. పని మార్చవద్దు, కూలి మార్చవద్దు, కులం మార్చవద్దు. కేసు నడుస్తున్న సంగతయితే సాక్షుల పేర్లు అసలే పెట్టవద్దు, ముందుగా వకీలును అడగండి. మన కేసులు ఎంతకాలం నడుస్తాయో చుండూరును చూస్తే తెలుస్తుంది. 1991లో చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. అన్నేళ్ళూ సాక్షులు ఆ ఊళ్ళల్లోనే బతకాలి, ఆ పొలాల్లోనే కూలికి పోవాలి. మీ పుస్తకం వాళ్ళ మెడకు చుట్టుకోకూడదు.

ఇంక ఆకారం సంగతి. పదకొండు నోటుబుక్కుల్లో తొమ్మిది "నేను ఫలానా ఊళ్ళో పుట్టాను" అనే మొదలవుతాయి. పుట్టుక నుంచి నిన్న సాయంత్రం దాకా అంతా రాయాలనుకుంటారు. పెద్ద రచన అంటే పొడుగు రచన అని మనకెవరో చెప్పారు. బాబాసాహెబ్ తన గురించి తాను రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఎంతుంటుందో చూశారా? ఒక పూటలో చదివేయొచ్చు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1990లో, పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్ళు చిన్న పుస్తకంగా వేశారు. అందులో ఆరు భాగాలు. పుట్టుక లేదు, పెళ్ళి లేదు, చదువుకున్న గొప్పలు లేవు. నాలుగు తనకు జరిగినవి, రెండు వేరేవాళ్ళకు జరిగినవి. 1901 ప్రాంతంలో చిన్నపిల్లవాడిగా తండ్రి దగ్గరికి కోరేగావ్ పోతూ రైలు దిగిన సంగతి మొదటిది. కొత్త చొక్కాలు, టోపీలు, కొత్త బూట్లు, పట్టంచు పంచెలు వేసుకుని పిల్లలు ఎంత సంబరంగా బయల్దేరారో ముందు చెబుతాడు. మహర్ పిల్లలని తెలియగానే స్టేషను మాస్టరు మొహం ఎట్లా మారిందో చెబుతాడు. రెట్టింపు బాడుగ ఇస్తామన్నాక ఒక బండివాడు ఒప్పుకుంటాడు, అదీ బండి వాళ్ళే తోలుకోవాలి, అతను పక్కన నడిచివస్తాడు. దారిలో తినడానికి అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. చదివేవాడి గొంతు ఎండిపోతుంది. బరోడాలో ఇల్లు దొరకని సంగతి ఇంకొకటి, దౌలతాబాదు కోట దగ్గర నీళ్ళ తొట్టి సంగతి ఇంకొకటి. సంవత్సరం, ఊరు, బండి, బాడుగ, ఎవరేమన్నారు. ఆయనకు తెలిసినంత ఇంగ్లీషులో ఎన్ని విశేషణాలు ఉండి ఉంటాయి! వాడుకోలేదు.

మనం ఎందుకు అట్లా చెయ్యకూడదు? హాస్టలు పిల్లవాడు ఒక ఆదివారంలో నవల ముగించలేడు, ఒక సంఘటన ముగించగలడు. ఆరేడు పేజీలు, ఒకే రోజు జరిగింది, దానికదే పూర్తిగా. అట్లాంటివి పదిహేను రాస్తే నూరు పేజీల దాకా వస్తాయి. ఏది ముందు ఏది వెనక అనేది తర్వాత చూసుకోవచ్చు, కాగితాలు నేల మీద పరిచి. వేరేవాళ్ళకు జరిగినవి కూడా రాయవచ్చు. బాబాసాహెబ్ రాశాడు గదా. "ఆత్మకథలో ఇతరుల కథ ఏమిటి" అని అడిగే గైడుకు ఆ పుస్తకం చేతిలో పెట్టండి. మనకు జరిగేది ఎప్పుడయినా మన ఒక్కరికే జరిగిందా?

భాష దగ్గర పెద్ద తగాదా వస్తుంది. సిద్ధపడే ఉండండి. నా మొదటి యాభై పేజీలు గైడు దగ్గర్నుంచి తిరిగి వచ్చినప్పుడు ఎర్ర సిరా సున్నాలతో నిండిపోయినాయి. బువ్వ చుట్టూ సున్నా, పైన "అన్నం". యాడికి చుట్టూ సున్నా, పైన "ఎక్కడికి". అమ్మ మాట్లాడే తావుల్లో ఉంటే ఉండనియ్యి, నువ్వు రాసే తావుల్లో మాత్రం మంచి తెలుగు ఉండాలన్నాడు. అంటే అమ్మ పల్లెలో ఉంటుంది, నేను మాత్రం ఊళ్ళోకి కాపురం మార్చాలి. ఒకే పుస్తకంలో తల్లీకూతుళ్ళకు రెండు వాడలు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి. ప్రతి ఏడూ మా బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పిస్తాం. గిడుగు మీద నాకు గౌరవమే. సవరల దగ్గరికి పోయి, వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసి, నిఘంటువు చేసిన మనిషి. అయితే ఆ పోరాటం గెలిచాక పాఠ్యపుస్తకాల్లోకి వచ్చినదాన్ని శిష్ట వ్యావహారికం అన్నారు. ఆ మొదటి మాట దగ్గరే మన వాడను ఆపేశారు. మాట్లాడే భాష రాయొచ్చు అన్నారు, ఎవరు మాట్లాడేది అని మనం అడగలేదు. 1990ల్లో దళిత కవులొచ్చి అడిగారు. వేముల ఎల్లయ్య నల్లగొండ మాదిగ పలుకుబడిలో 'కక్క' నవల మొత్తం రాశాడు, 2000లో వచ్చింది. మొదటి పది పేజీలు నాకు కష్టమయింది. మాది పల్నాడు, ఆయనది తెలంగాణ. పదకొండో పేజీ నుంచి చెవికి అలవాటయింది. కష్టపడి చదవడం పాఠకుడికి తప్పేమీ కాదు. ఆఖర్న అర్థాల పట్టిక పెట్టమన్నారు నన్ను. నేను పెట్టలేదు. ప్రబంధాలకు టీకా తాత్పర్యాలు మనం కంఠతా పట్టాం గదా, వాళ్ళు బువ్వ అంటే ఏందో నేర్చుకోలేరా?

కానీ ఒకమాట. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి, మనకు ఆ డిగ్రీ కావాలి, దాని మీద మన ఇల్లంతా ఆధారపడి ఉంది. అందుకని ప్రతి సున్నా దగ్గరా యుద్ధం చెయ్యొద్దు. యాస వేరు, అచ్చుతప్పు వేరు. ఒత్తు పోయిన తావులో ఒత్తు పెట్టండి, దీర్ఘం పోతే దీర్ఘం పెట్టండి. అదంతా దిద్దుకుని పోయి, "సార్, తప్పులన్నీ దిద్దాను, ఇవి మాత్రం తప్పులు కావు, మా పల్లె మాటలు" అని చెప్పండి. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒకే పద్ధతిలో ఉంటే ఆయనకు అనడానికి ఏమీ ఉండదు. నా విషయంలో అట్లాగే జరిగింది. మెచ్చుకోలేదు, సంతకం పెట్టాడు.

ఎప్పుడు రాయాలి, యాడ కూచుని రాయాలి అని అడుగుతారు. బల్లా కుర్చీ ఉన్న రచయితల సలహాలు మనకు పనికిరావు. నేను బస్సులో రాశాను. నా దగ్గరికొచ్చే ఒక పిల్లవాడు సాయంత్రం మందుల షాపులో పనిచేస్తూ, బేరం లేని వేళ బిల్లు కాగితాల వెనక రాసేవాడు. ఇప్పుడు ఫోన్లున్నాయి, పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు వాళ్ళను అడిగి రికార్డు చేసుకోండి. మాట చెబితే అదే రాసుకుంటుందని ఫోనుకు వదిలేయొద్దు, మా అమ్మ "కల్లం" అంటే అది "కళ్ళు" అని రాసింది. రాసిందల్లా ఇంకొక తావులో దాచుకోండి. ఫోను పగిలితే కొనుక్కోవచ్చు, నాయనమ్మ మాటలు యాడ కొంటాం?

ఇప్పుడు చెప్పేది ఉద్యమంలో ఉన్న మిత్రులకు కోపం తెప్పిస్తుందేమో. మిరపకాయ ఆరినాక కల్లంలో ఆడవాళ్ళు వరసగా కూచుని తాలు ఏరతారు. రంగు పోయి తెల్లబడ్డ కాయ తాలు కాయ. ఎర్ర కాయలో నాలుగు తాలు కాయలు కనపడినా మిర్చియార్డులో మొత్తం బస్తా ధర పడిపోతుంది. మన రాతల్లో తాలు ఏందయ్యా అంటే ఉపన్యాసం. పిల్లలు ఒక సంఘటన చక్కగా రాస్తారు. పంచాయతీ కుర్చీలో కూచోనియ్యకుండా సర్పంచిని, మన పిన్నమ్మనే, నేల మీద కూచోబెట్టారు. చదువుతుంటే రక్తం మరుగుతుంది. వెంటనే కింద ఒక పేరా, "ఈ మనువాద వ్యవస్థను కూకటివేళ్ళతో" అని. ఆ పేరా వాళ్ళది కాదు, సభల్లో విన్నది. నిజమే కావచ్చు, సభలో చెప్పాల్సిందే కావచ్చు. ఆ పిన్నమ్మ నేల మీద కూచున్నాక ఇంకా దాని అవసరం ఏముంది? తీసెయ్యండి. పారెయ్యొద్దు. తాలు కాయ కూడా అమ్ముడుపోతుంది, వేరే రాశి పోస్తారు. తీసేసిన పేజీలు వేరే నోటుబుక్కులో రాసుకోండి. ఎప్పుడో కరపత్రానికి పనికొస్తాయి. నా వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఈ కల్లం పేజీ తెరిచి ఒకే ప్రశ్న అడిగాడు, "తాలు ఎవరు కొంటారమ్మా?" అని. పొడి కొట్టేవాళ్ళు కొంటారని చెప్పాను. ఇంటికి పోయి కారం డబ్బా చూసుకుంటానని నవ్వాడు. నా రచనను నిజంగా చదివాడని అప్పుడు తెలిసింది.

తాలులో ఇంకొక రకం కన్నీళ్ళు. మన దగ్గర ఏడుపే కొంటారని పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. ఆకలి, దెబ్బలు, అవమానం, మళ్ళీ ఆకలి. కోతలకు పోయే ట్రాక్టరులో ఆడవాళ్ళు వేసుకునే బూతు జోకులు ఎవరూ రాయరు. క్రిస్మస్ ముందు రాత్రి పల్లెలో నక్షత్రం కట్టడానికి పొడుగు వెదురు కోసం జరిగే తగాదాలు రాయరు. కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో ఎల్లన్న ఆటా పాటా లేకపోతే ఆ నవల ఉంటుందా? జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు మేఘాన్ని పంపిన తావులో గబ్బిలాన్ని పంపాడు, ఎందుకంటే అంటరానివాడు గుడిలోకి పోలేకపోయినా గబ్బిలం పోగలదు. అంత దుఃఖంలో కూడా ఎంత చమత్కారం ఉందో చూడండి. మనవాళ్ళ నవ్వు లేకుండా రాసింది మనవాళ్ళ కథ అనిపించుకోదు.

ఒక్క విషయంలో మాత్రం పంతులమ్మలాగా గట్టిగా చెబుతాను. అన్నిటికంటే కష్టమైన అధ్యాయాన్ని అర్ధరాత్రి హాస్టలు గదిలో ఒంటరిగా కూచుని రాయొద్దు. 2016 జనవరిలో పోయిన రోహిత్ వేముల మన గుంటూరు పిల్లవాడే. సైన్సు రచయిత కావాలని అనుకునేవాడినని ఆఖరి ఉత్తరంలో రాసుకున్నాడు. అది చదివినప్పటి నుంచి నా దగ్గరికి ఎవరు కాగితాలు తెచ్చినా ముందు తిన్నావా, నిద్రపోయావా అని అడుగుతున్నాను. ఆ అధ్యాయం పగటిపూట రాయండి. ఇంటికి పోయి రాయండి, పక్క గదిలో ఎవరో గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండాలి. చెయ్యి వణికితే ఆపి ఎవరికో ఒకరికి ఫోను చెయ్యండి. ఒక సెమిస్టరు పోయినా మళ్ళీ కట్టుకోవచ్చు, మీరు ఉండాలి. మీకంటే ముఖ్యమైన పుస్తకం లేదు.

ఈ మధ్య పన్నెండో నోటుబుక్కు వచ్చింది. ఎం.ఏ. రెండో ఏడు చదివే పిల్ల, హైస్కూల్లో నా దగ్గర చదివింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, ఊరు చెప్పను. నాయనమ్మ బతుకు రాస్తోంది. ఎనభై పేజీల ప్రాజెక్టు, యాభై మూడో పేజీలో ఆగింది. నాయనమ్మను ఊరి చెరువు దగ్గర కొట్టారు. కేసు పెట్టారు. కళ్ళారా చూసిన సాక్షి ఒకడే, ఆమె చిన్నకొడుకు, అంటే ఈ పిల్లకు బాబాయి. ఏళ్ళ తరబడి వాయిదాలు పడి, ఆఖరికి బోనెక్కినప్పుడు "నేను చూడలేదు" అన్నాడు. కేసు పోయింది. నాయనమ్మ తర్వాత రెండేళ్ళు బతికింది, ఆ కొడుకు ఇంట్లోనే తింది, అతనితో మాట్లాడలేదు. అతను తీసుకున్న డబ్బులో నుంచే ఈ పిల్ల ఇంటరు ఫీజు కట్టారని ఇంట్లో అందరికీ తెలుసు.

"రాయకపోతే నాయనమ్మ కథ అబద్ధమవుద్ది టీచర్. రాస్తే బాబాయి మొహం ఎట్టా జూడను?" అంది.

నోటుబుక్కు నా దగ్గర పెట్టిపోతానంది. నేను తీసుకోలేదు. ఈ యాభై మూడు పేజీలూ తీసుకుపోయి బాబాయికి చదివి వినిపించు, ఎందుకన్నావని అడుగు, ఆయన ఏం చెబితే అది ఆయన మాటల్లోనే రాసుకో అన్నాను. ఏమీ చెప్పకపోతే, చెప్పలేదని రాయి. తిడితే తిట్టాడని రాయి. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. పన్నెండోది కూడా పోయిందనుకున్నాను.

పోయిన ఆదివారం ఫోను చేసింది. బాబాయి పొలం నుంచి వచ్చి, నులక మంచం మీద కూచుని, మొత్తం విన్నాడట. పిన్ని మధ్యలో లేచి లోపలికి పోయిందట. అంతా అయినాక చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత అడిగాడట, "ఎంతిచ్చారో రాశావా?" అని.

"నాకు తెలవదు గదా బాబాయ్."

"రాసుకో. నలబైవేలు. నీ ఫీజు పన్నెండు. మీ నాయనమ్మ కాలు ఆపరేషను పద్దెనిమిది. మిగతా పది అప్పులోళ్ళకి. రూపాయి గూడా నేను తాగలా. అదీ రాయి. నేను జూశాను, అదీ రాయి."

నాయనమ్మ కాలికి ఆపరేషను ఆ డబ్బుతోనే జరిగిందని ఇంట్లో ఎవరికీ తెలియదట. ఆమెకూ తెలియదట. ఆ లెక్క ఇప్పుడు యాభై నాలుగో పేజీలో ఉంది, కూడికతో సహా. గడువు మార్చి ఆఖరు. ఇంకో ఇరవై ఆరు పేజీలు ఉన్నాయి. వచ్చే శనివారం నుంచి మా ఇంట్లో కూచుని రాసుకుంటానంది, రమ్మన్నాను.